పరాయి తిండి

బాలలూ! కారమంటే గుంటూరుదే అని మనకు గర్వం గదా! కాని మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబసు అక్కడికి చేరిన తరువాతనే అది ఓడలెక్కి మనకూ, కొరియాకూ వచ్చింది.

కొరియావారు అన్నంలో నంజుకొనే దోసకాయ ముక్కలను నేను ఇంట్లో చేస్తూ వుంటాను. లేత కీరదోసకాయను చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి, పావుగంట ఆగండి. గిన్నెలో నీరు చేరుతుంది. అది ముక్కల లోపలిదే. ఉప్పు బయటికి లాగింది. మాగాయ ముక్కలకు ఊట వచ్చేదీ ఇలాగే. ముక్కలను గట్టిగా పిండివేసి కారం, వెల్లుల్లి, నిమ్మరసం, నువ్వుల నూనె కలపండి.

"పరాయి తిండి నాకు వద్దు, తాతయ్యా!" అన్నాడు మా మనుమడు.

"మిరపకాయను మన పెద్దలు అలాగే వద్దని వుంటే, నీకు ఆవకాయ దొరికేదా?" అన్నాను.

వాడు ఆలోచించి, ఒక ముక్క నోట వేసుకున్నాడు. మీరూ రుచి చూసిన తరువాతనే తీర్పు చెప్పండి.