లక్ష్మణుడెందుకు నవ్వాడు

ఐసెలిన్‌లో మా అద్దె ఇంటి నుంచి ఓక్ ట్రీ రోడ్డుకి నడిచే వెళ్ళేవాళ్ళం. అప్పటికింకా అక్కడ ఇప్పట్లా చీరల కొట్లూ, బంగారం కొట్లూ, కారు పెట్టుకోవడానికి చోటు దొరకని జనమూ లేరు. మూతపడ్డ షాపుల మధ్య అక్కడక్కడా గుజరాతీ వాళ్ళ కిరాణా కొట్లుండేవి. తలుపు తోయగానే ఇంగువా, అగరొత్తులూ, ఎప్పుడో ఓడెక్కిన కందిపప్పూ కలిసిన వాసన వచ్చేది. ములక్కాడలొచ్చాయని ఎవరైనా ఫోన్ చేస్తే అమ్మ చలికోటు గుండీలు పెట్టుకుంటూనే బయల్దేరేది.

నాన్న చీకటుండగానే మెట్రోపార్క్ స్టేషన్‌కెళ్ళి న్యూయార్క్ రైలెక్కేవాడు. అమ్మకి సాయంత్రం డ్యూటీ. కాబట్టి అమలాపురం నుంచి అమ్మమ్మ వచ్చిన ఆ చలికాలం సాయంత్రాలన్నీ ఆవిడవే. బయట మోకాటిలోతు మంచు; లోపల హీటరు జాలీ పక్కన పాత చీర పరిచి గుమ్మడి వడియాలు ఎండబెట్టి, వాటికి కాపలాగా మమ్మల్ని కూర్చోబెట్టి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ రామాయణం పాడేది.

రామాయణమంటే మాకు అంతకుముందే తెలుసు. దూరదర్శన్‌లో 1987లో మొదలైన రామానంద్ సాగర్ సీరియల్ క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని చూసేవాళ్ళం కదా, ఆకాశంలో బాణాలు ఒకదాన్నొకటి గుద్దుకుని మంటలు రేగుతుంటే మా తమ్ముడు సోఫా ఎక్కి గంతులేసేవాడు. అమ్మమ్మ పాటల్లో ఆ గొడవే లేదు. కౌసల్యకి వేవిళ్ళొచ్చినప్పుడు ఏం తినబుద్ధేసిందో, పురిటిగదిలో ఎంత అవస్థ పడిందో, సీతని ఎలా అప్పగించారో తీరిగ్గా సాగేవి. లంకలో యుద్ధం మాత్రం దాకలో కాయలు నిండేలోపు ముగిసిపోయేది. తమ్ముడు అలిగి, "యుద్ధం చెప్పవేం అమ్మమ్మా?" అంటే, "యుద్ధానికి నువ్వెళ్ళావా, నేనెళ్ళానా నాయనా? ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలిసేది ఇంటి సంగతేగా," అనేది.

అందుకే అమ్మమ్మ పాటల్లో లక్ష్మణుడి భార్య ఊర్మిళకీ చోటుండేది. రాముడి వెనకాలే వెళ్ళిపోయే ఏ కథా ఆవిడ గది తలుపు తీసి చూడదు. పాట మాత్రం అక్కడే మంచం పక్కన కూర్చుంటుంది. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు వచ్చి పక్కన కూర్చుంటే, నిద్రలో ఉన్న ఆ ఇల్లాలికి అతనెవరో పరాయివాడు! మా నాన్నకి తెలిస్తే నీ పని పడతాడని ఆవిడ భయంగా, కోపంగా అంటుంటే నాకు గుండె దడదడలాడేది. వచ్చినవాడు మొగుడేనని తెలిసి కూడా ఆవిడతో పాటు భయపడేదాన్ని.

అన్నిటికన్నా నాకిష్టం లక్ష్మణదేవర నవ్వు. పట్టాభిషేకమయ్యాక నిండు కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. అంతే, కొలువంతా తల దించుకుంటుంది. నెత్తిన గంగని పెట్టుకున్నందుకే నవ్వాడని శివుడూ, అన్నని విడిచి వచ్చినందుకని విభీషణుడూ, రావణుడి ఇంట ఉన్నందుకని సీతా, ఎవరి గుట్టు వాళ్ళు తడుముకుంటారు. రాముడైతే కత్తే దూస్తాడు. తీరా అడిగితే, అడవిలో ఉన్నన్నాళ్ళూ తన జోలికి రావద్దని పంపేసిన నిద్రాదేవి, గడువు తీరిందని సరిగ్గా అప్పుడే వచ్చి నిలబడిందట! ఒక్క నవ్వుకి అన్ని కథలు.

చాలా ఏళ్ళకి, విస్కాన్సిన్‌లో తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు వ్యాసం చేతికొచ్చింది. 1991లో పౌలా రిచ్‌మన్ కూర్చిన 'మెనీ రామాయణాస్'లో ఉంది. మాలాంటి ఇళ్ళ ఆడవాళ్ళు పెరటి వైపు కూర్చుని పాడుకున్నవి ఒక తీరనీ, పొలం పనులు చేసే ఆడవాళ్ళవి ఇంకో తీరనీ ఆయన విడమరిచి రాశారు. కథ ఎవరి కంటితో చూస్తే ఎవరు పెద్దవాళ్ళవుతారో క్లాసుల్లో గ్రాఫులు గీసి చెబుతారు గానీ, నాకు మాత్రం చిక్కుడుకాయల దాకే గుర్తొస్తుంది.

ఆ చలికాలంలోనే ఓ రాత్రి నాన్న బాగా ఆలస్యంగా వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలోనే నవ్వడం మొదలెట్టాడు. చారు మాడిన వాసన తెలిసిపోయిందనుకుంది అమ్మ. కొట్లో తను మాట్లాడిన ఇంగ్లీషు గురించి ఎవరో చెప్పేశారనుకుని అమ్మమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. నేనైతే లెక్కల పేపరు దిండు కింద ఇంకాస్త లోపలికి తోశాను. సంగతేమిటంటే, రైల్లో కూర్చునే నిద్రపోయి, మెట్రోపార్క్ దాటి మెటచెన్‌లో మెలకువొచ్చి, ఎదురు రైలు కోసం చలిలో వణికి వచ్చాడు. "నిద్రాదేవి వచ్చిందిరా," అన్నాడు తమ్ముడితో. అమ్మమ్మ పాట ఆయన చెవినెప్పుడు పడిందో మరి.

ఇప్పటికీ పండక్కి కలిస్తే ఆ రాత్రి ముచ్చట వస్తుంది. నాన్న చెబితే మెటచెన్ ప్లాట్‌ఫారం మీద చలిగాలే సగం కథ. అమ్మ చెప్పే కథలో రైలే ఉండదు, చారు మాడలేదని నిరూపించడంతోనే సరిపోతుంది.