నాన్నగారి నడక

ప్రబంధాలలోని హంసగమనాలను, గజగమనాలను 25 ఏళ్ళుగా తరగతిలో వర్ణిస్తున్నవాణ్ణి. మనిషి ఒక అడుగు తీసి మరొక అడుగు వేయడంలో ఎంత యత్నం ఇమిడి ఉన్నదో నాన్నగారికి పక్షవాతం వచ్చేదాకా నాకు తెలియలేదు.

2022 వేసవిలో ఆయన మెదడు కుడిభాగానికి రక్తప్రసారం ఆగి, శరీరం ఎడమవైపు చచ్చుపడింది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చేనాటికి కాలు కొంత స్వాధీనమయింది. కాని పాదం ముందుభాగం పైకి లేచేది కాదు. వేళ్ళు నేలను రాసుకొంటూ వచ్చేవి. ఫిజియోథెరపిస్టుగా వచ్చిన యువకుడు మొదట ఇంటిని పరీక్షించాడు. అమ్మ ప్రతి శుక్రవారం పసుపు రాసే గడపవద్ద ఆగి, "ఇది కాలికి తగులుతుందండీ" అన్నాడు. గుమ్మం ముందరి గోనెపట్టా తీయించాడు. స్నానాలగదిలో కుడిచేతికి అందేటట్లు కడ్డీ బిగించమన్నాడు. వెనుక పట్టీ లేని చెప్పులు మాన్పించి, పంచె అంచును చీలమండపైకి ఎత్తి కట్టించాడు. చేతికర్ర కుడిచేత ఉండాలి. తోడు నడిచేవారు ఎడమపక్కన ఉండాలి. ఆ చేయి పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. అన్నీ పాటించాము. గడపను మాత్రం అమ్మ తీయనివ్వలేదు. దానికి ఇరువైపులా వాలుగా చెక్కలు వేయించి, అంచున తెల్లరంగు పూయించాము.

అయినా నాన్నగారు పడ్డారు. గడపవద్ద కాదు, మంచం పక్కన, తెల్లవారుజామున 3 గంటలకు. మూత్రానికని చీకటిలో ఒక్కసారిగా లేచారట. ఎముక విరగలేదు. "నన్ను పిలవవచ్చు కదా నాన్నగారూ!" అన్నాను, కొంచెం కోపంగానే. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గోడవైపు చూస్తూ, "మొన్న పిలిస్తే నిట్టూర్చావురా" అన్నారు.

ఆ నిట్టూర్పు నాకు జ్ఞాపకం లేదు.

ఇక ఆయనను మంచం దిగనివ్వరాదని నేను పట్టుబట్టాను. యువకుడు ఒప్పుకోలేదు. కదలని కండరం క్షీణిస్తుంది, భయం పెరుగుతుంది, ఆ రెండూ కలిసి మనిషిని మళ్ళీ పడవేస్తాయి అన్నాడు. చదువుకొన్నవాడి మొండితనం చూసి అతడు లోలోపల నవ్వుకొనే ఉంటాడు.

నా మంచం నాన్నగారి గదిలోకి మారింది. రాత్రంతా చిన్న దీపం వెలుగుతుంది. పూజగదిలోని గంట ఆయన చేతికందే చోట ఉంటుంది. పడుకొన్నవారు హఠాత్తుగా లేస్తే రక్తపోటు తగ్గి తల తిరుగుతుంది కనుక, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చున్న తరువాతనే నిలబడతారు. ఆ వ్యవధిలో ఒక్కొక్కసారి తాను వాగు దాటి బడికి వెళ్ళిన రోజుల గురించి చెబుతారు. నిద్రమత్తులో సగమే వింటాను.

గంట మోగించడానికి ఆయన ఇప్పటికీ సంకోచిస్తారు. అందువల్ల మంచం కిర్రుమన్నా నేను లేస్తాను.