ఖాతాలో లేని కూలి

దుడ్డు లేదు, అనుభవం లేదు, అయినా సొంతంగా ఏదో ఒకటి పెట్టుకోవాలి అనుకునేవాళ్లు ముందు తిరుపతి దగ్గరి పుత్తూరు బజారులో ఒక రోజు తిరగాలి. ఈ ఊరి పేరు దక్షిణాదంతా తెలిసిందే విరిగిన ఎముకలకు వేసే ఒక కట్టు వల్ల. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. సరుకు జాబితా అంతటితో సరి. మిగిలిన పెట్టుబడంతా ఎముక ఎక్కడ విరిగిందో తడిమి పట్టుకునే వేళ్లలో ఉంది. అది పుత్తూరు పక్క పల్లెలోని రాజుల ఇళ్లలో తరాలుగా నేర్చుకుంటూ వచ్చిన పని. చెన్నైలో ఏ వీధి మలుపు తిరిగినా ‘పుత్తూరు కట్టు’ బోర్డు కనబడుతుంది. కొన్నింటి మీద ‘ఒరిజినల్’ అని కూడా రాసుకుంటారు. ఆ బోర్డుల వెనక వేళ్లు ఎన్ని, ఒట్టి పేరు ఎంత అని తేల్చే పని నాది కాదు. పేరు అరువు తెచ్చుకోవడానికి ఖర్చేమీ కాదని మాత్రం వాటిని చూస్తే తెలుస్తుంది.

కట్టు సంగతి అట్లుంచితే, పుత్తూరు, నగరి, నారాయణవనం వైపు ఎక్కువమందికి తెలిసిన దారి మరమగ్గం. ఇక్కడ నూలు మనది కాదు. షావుకారు పడుగు బీము, పేకనూలు ఇస్తాడు, నేసిన గుడ్డ తీసుకుంటాడు, మీటరుకింత అని కూలి కడతాడు. ముందు ఒకరి షెడ్డులో మగ్గం తోలి పని పట్టుకున్నవాడు తర్వాత పాత మగ్గాలు రెండు కొనుక్కుని ఇంటి పంచలో బిగించుకుంటాడు. అంటే అనుభవం పక్కవాడి దుడ్డుతో వస్తుంది, నూలు కూడా పక్కవాడిదే. ఇంతకంటే తక్కువ పెట్టుబడితో మొదలయ్యే పరిశ్రమ ఏముంటుంది అనిపిస్తుంది. ఆ ఇంట్లోకి తొంగి చూస్తే అమ్మ గోడకానుకుని కండెలు చుడుతూ ఉంటుంది. బడి నుంచి వచ్చిన పిల్ల తెగిన పోగులు ముడేస్తూ ఉంటుంది. కరెంటు బిల్లు ఖాతాలోకి ఎక్కుతుంది, నాడె అరిగితే ఆ ఖర్చూ ఎక్కుతుంది. కండెలు చుట్టిన చేతి కూలి మాత్రం ఎక్కడా రాయరు.

నేను చెప్పదలచుకున్నది ఈ రాయని కూలి గురించే.

మాకు వదిన వరసయ్యే ఒకామె బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టింది. ‘నాకేం అనుభవం లేదబ్బా’ అంటూనే పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ వండి, పెళ్లిళ్లలో నూరుమందికి పొంగలి దించిన మనిషి అనుభవం లేదంటుంటే నాకు నవ్వొచ్చింది. ఆమెకు రానిది వంట కాదు, లెక్క. ఒకరోజు ఆమె నోట్‌బుక్ చూశాను. బియ్యం, మినప్పప్పు, నూనె, గ్యాసు, ఆకులు, బండికి అద్దె అన్నీ వరసగా ఉన్నాయి. సరుకు పద్నాలుగు వందలు, అమ్మకం రెండు వేలు, ‘లాభం 600’ అని కింద గీత గీసి ఉంది.

“తెల్లవారుజామున మూడింటికి లేస్తావు గదా వదినా, నీ కూలి ఏదీ?”

“నా కష్టానికి లెక్కేమిరా? నేను ఇంట్లో మనిషినే గదా!”

మూడు గంటలకు లేచి పదకొండుకు గిన్నెలు కడిగేదాకా ఎనిమిది గంటలు. సాయంత్రం పిండి రుబ్బడం, చట్నీకి వేరుశనగలు వేయించి పెట్టుకోవడం మరో రెండు గంటలు. బిందెలతో నీళ్లు మోసేది మా అన్న. అదే పనికి హోటల్లో ఒక మనిషిని పెట్టుకుంటే రోజుకు అయిదు వందలు ఇవ్వక తప్పదు. అన్నను కూడా లెక్కలోకి తెస్తే ఆ ఆరు వందలు కాస్తా గీత కింద నుంచి పైకి వెళ్లిపోతాయి. లాభమని ఆమె మురిసిపోతున్నది ఇద్దరి కూలి, అదీ తక్కువ కూలి. ఆమెకు జ్వరం వచ్చిన రోజు బండి మూతపడేది అందుకే. ఇంకో మనిషిని పెట్టుకుంటే బండి నడుస్తుంది గాని నష్టంలో నడుస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎదురుగా ఇంకో బండి ఉంది. ఆ బండి అక్క కూడా తన కూలి రాసుకోదు. ఇద్దరూ ఇడ్లీ ధర దించి దించి, ఇద్దరి నిద్రనూ ఊరికే ఊరికి పంచుతున్నారు. బస్సు దిగి ‘తిరుపతి కంటే ఇక్కడ చవక’ అని మెచ్చుకునేవాళ్లకు ఆ చవక ఎక్కడినుంచి వచ్చిందో తట్టదు.

అప్పు సంగతి కూడా ఈ లెక్కతోనే ముడిపడి ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లకు ఇక్కడ మొదట గుర్తొచ్చేది చీటీ. తొందరపడి పాడుకుంటే పాటలో ఎక్కువ సొమ్ము పోతుంది, ఆగితే బండి ఆగిపోతుంది. తర్వాతది రోజువారీ ఫైనాన్సు, మా వైపు తండల్ అంటారు. పదివేలని రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతికిస్తారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. పోయేది పదిహేను వందలే గదా అనిపిస్తుంది. కాని మొదటి రోజునుంచే అసలు తిరిగి కడుతూ ఉంటాం కాబట్టి, ఏడాది లెక్కన చూస్తే వడ్డీ నూటికి నూరు దాటిపోతుంది. కేంద్రం 2020 జూన్‌లో స్వనిధి పేరుతో వీధి వ్యాపారులకు పదివేల అప్పు మొదలుపెట్టింది, 2025లో ఆ మొదటి విడతను పదిహేను వేలు చేసింది. గడువులోగా కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ వస్తుంది. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద యాభై వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. తండల్ ఎక్కడ, ఇవి ఎక్కడ! అయినా తెల్లవారితే సరుకు కావాల్సిన మనిషి బ్యాంకు మెట్లెక్కే ఓపిక లేక తండల్ దగ్గరికే పోతుంది. ఆమె తీరిక కూడా ఖాతాలో లేని సొత్తే.

చిన్న అప్పు మాట వచ్చింది కాబట్టి ఒక కథ. బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే పల్లెలో వెదురు పీటలు అల్లే సూఫియా బేగం గురించి గ్రామీణ్ బ్యాంకు పెట్టిన మహమ్మద్ యూనస్ చెప్పారు. వెదురు కోసం అయిదు టాకాలు అప్పిచ్చిన వ్యాపారికే ఆమె పీట అమ్మాలి, ధర అతనే కడతాడు, ఆమెకు మిగిలేది అర టాకా. 1976లో ఆ పల్లెలో అలాంటి 42 మందికి కలిపి కావాల్సిన అప్పు 27 డాలర్లు మాత్రమే. ఆయన అది తన జేబులోంచి ఇచ్చారు. గ్రామీణ్ బ్యాంకుకు అదే పునాది. చిన్న అప్పుతో పెద్ద బతుకు అని ఈ కథను అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ధర కట్టే హక్కు చేతికొచ్చిన సంగతే ముఖ్యంగా కనబడుతుంది. అప్పు ఒక్కటే చాలితే 2010 అక్టోబరులో మన ఉమ్మడి రాష్ట్రం సూక్ష్మరుణ సంస్థల ఆగడాలకు ముకుతాడు వేస్తూ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చేదే కాదు.

వదినకు నేను చెప్పింది చిన్న మాట. నోట్‌బుక్‌లో మొదటి వరసలో ‘నా కూలి’ అని రాయి, బియ్యం దాని తర్వాత. పదిరోజులు రాసి చూసి ఆమే తేల్చింది, ప్లేటుకు అయిదు రూపాయలు పెంచకపోతే కుదరదని.

“నేనొక్కదాన్నే పెంచితే బేరమంతా ఎదురు బండికి పోతాది గదా?”

“ఆ అక్కతోనూ మాట్లాడు.”

మాట్లాడింది. ఆ అక్క కూడా ఒక మధ్యాహ్నం నోట్‌బుక్ తీసుకొచ్చి మా వదిన పక్కన కూర్చుని లెక్క వేయించుకుంది. పెంచాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎప్పుడు అన్న దగ్గర పేచీ వచ్చింది. ఆడికృత్తికకు తిరుత్తణికి కావళ్లెత్తుకుని పోయే జనంతో రోడ్డు నిండిపోతుంది, అప్పుడైతే ఎవరూ ధర అడగరు, ముందే పెంచుదామని వదిన అంటుంది. “మొక్కుబడోళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటే మనకు అచ్చిరాదు, పండగ దాటినాక చూద్దాం” అని ఆ అక్క. “అయితే ఆ నాలుగు రోజులు పాత ధరే పెట్టు, పండగకు ముందు నెల రోజులు కొత్త ధర అలవాటు చేద్దాం” అని వదిన ఇప్పుడు కొత్త బేరం పెట్టింది.