ఏడు నెలల జీతము

“మీరేమి పని చేయుదురు?” అని పెండ్లిండ్లలోను పేరంటములలోను నన్నడుగు సోదరీమణులకు నేను తిన్నగా సమాధానము చెప్పలేను. పత్రికలకు వ్రాయుదునన్నచో కథలా, వంటలా యని యడుగుదురు. కథలు గావు, వంటలును గావు. యుద్ధములవలన చెదరిన సంసారములను గూర్చియు, పొట్టకూటికై పరదేశములకు పోయిన స్త్రీలను గూర్చియు, వారి హక్కులను గూర్చియు వ్రాయుదును. ఏ పత్రికవారి కొలువులోను లేను. నా ఖర్చులతో బస్సెక్కి పోయి, చూచి, విని, వ్రాసి పంపుదును; వేసికొన్నవారు వ్యాసమునకింత యని యిత్తురు. ఆ యిచ్చుట యెప్పుడని మాత్రము అడుగరాదు. మావారు పరిహాసమునకు నన్ను ‘దినకూలి విలేఖరి’ యందురు. దినకూలికి సాయంకాలమునకు డబ్బు చేతబడును గదా యని నేనందును.

2019వ సంవత్సరము శీతకాలమున రాయచోటి ప్రాంతమందలి యొక పల్లెకు పోయితిని. ఆ సీమనుండి కువైటునకు పోవుట కొన్ని దశాబ్దములుగా నున్న వాడుకయే. వానలు చాలవు, వేరుసెనగ పండిననాడు పండినట్లు, లేనినాడు లేదు, బోరులు త్రవ్వించి యప్పులపాలైనవారు వీధికి నలుగురుందురు. మగవారు కార్లు నడుపుటకును, గొఱ్ఱెలు కాయుటకును పోవుదురు. ఆడువారు ఇంటిపనికి పోవుదురు. దానిని వారు ‘ఖద్దామా పని’ యందురు. ఖద్దామా, కఫీలు, అకామా, బతాకా — బడి మొగము చూడని ముదుసళ్లకు సైతము ఈ యరబ్బీ మాటలు కంఠపాఠములు. కఫీలనగా పూచీపడిన యజమాని. అతని యనుమతి లేనిదే ఆమె పని మానరాదు, మరియొక యింట చేరరాదు.

నేను చూడబోయిన యామెకప్పుడు ఇరువదితొమ్మిదేండ్లు. 2017లో పోయి, 2019 మొదట తిరిగి వచ్చినది. పదవ తరగతి దాటని స్త్రీ గల్ఫు దేశములకు ఇంటిపనికి పోవలెనన్న ముప్పది యేండ్లు నిండియుండవలెనని మన ప్రభుత్వమువారి నిబంధన. 2016 నుండి ప్రభుత్వ సంస్థల మూలముననే పోవలెనని మరియొకటి. రెండును స్త్రీల రక్షణకై చేసినవే. కాని అప్పులవాడు ఆమెకు ముప్పదియేండ్లు నిండువరకు ఆగునా? ఏజెంటు ఆమెను ఊరక చూచివచ్చువారి కిచ్చు వీసామీద దుబాయి పంపి, అచ్చటినుండి కువైటు చేర్చెను. రక్షణకై కట్టిన గోడయే ఆమెను దొడ్డిదారి పట్టించినదని నా యభిప్రాయము. ఈ మాట యన్నందుకు ఒకరిద్దరు అధికారులు నాపై కినిసిరి కూడ.

బయలుదేరుటకు ముందే సంపాదకులు ఫోనులో చెప్పియుండిరి: “ఆమె చేతిమీద మచ్చ యున్నదట. అది కనబడునట్లు ఫోటో తీసికొని రండు.” ఆయన పేరు చెప్పను. చెడ్డవారు కారు, పత్రిక అమ్ముడుపోవలెను గదా. మచ్చ నిజమే. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. మణికట్టుకు పైన, అరచేయి వెడల్పున, నున్నగా మెరయుచున్నది. నేను సంచిలోనుండి సెల్ ఫోను తీయుట చూచి ఆమె పైటచెంగుతో చేయి కప్పుకొనెను.

“దెబ్బల సంగతి రాయొద్దక్కా,” అనెను. “దెబ్బలు మాకు ఈడ గూడా ఉండాయి. నా ఏడు నెలల జీతం సంగతి రాయి.”

నా కొక సంగతి జ్ఞప్తికి వచ్చి ఫోను మరల సంచిలో వేసికొంటిని. ఆ సంగతి చెప్పుకొనుట నాకు సిగ్గు, అయినను చెప్పెదను. అంతకు చాల యేండ్లకు ముందు గోదావరి ప్రాంతమున నిట్లే యొకామెను చూచి వ్రాసితిని. పేరు వ్రాయలేదు, ఊరును వ్రాయలేదు. అదియే పెద్ద ధర్మమనుకొంటిని. కాని కాలువగట్టున పెంకుటిల్లనియు, ఇద్దరు ఆడపిల్లలలో పెద్దది కుట్టుపని నేర్చుకొనుచున్నదనియు, ఆమెపై జరిగిన యత్యాచారమిట్టిదనియు, చదువరుల కండ్లు చెమ్మగిల్లునట్లు వ్రాసితిని. ఎందరో మెచ్చుకొనిరి. నెల తిరుగకుండ పెద్దపిల్లకు కుదిరిన సంబంధము తప్పిపోయినది. ఆమె నన్ను తిట్టలేదు. “పేరు రాయలేదండి, నన్నే రాసేశారండి,” అని మాత్రము కబురంపెను. ఆ పిల్లకు పిదప వివాహమైనదా యని యడుగుటకు నాకు ధైర్యము చాలలేదు, నేటికిని చాలలేదు.

కావున పల్లెలో ఆ దినము జీతము లెక్కయే వ్రాసికొంటిని. ఒప్పందము నెలకు 60 దీనారములు. అది 2016లో కువైటు ప్రభుత్వమువారు ఇంటిపనివారికి ఏర్పరచిన కనీసపు జీతమే. పదమూడు నెలలు సక్రమముగా నిచ్చిరి. పిమ్మట ఇంటి యజమానురాలు, “నీ దగ్గరుంటే ఖర్చయిపోవును, మేము దాచి పోవునప్పుడొక్కసారి యిత్తుము,” అని సైగలతో చెప్పినదట. ఏడు నెలలు దాచిరి. ఏడార్లు నలువదిరెండు; 420 దీనారములు. అప్పటి మారకమున రమారమి 95,000 రూపాయలు. అడిగినదానికి వచ్చిన ప్రత్యుత్తరమే ఆ ఇస్త్రీపెట్టె.

ఒక తెల్లవారుజామున చెత్త పారవేయుటకని వచ్చి, టాక్సీ యెక్కి మన రాయబార కార్యాలయము చేరెను. అచ్చటి యాశ్రయగృహమున తోడి స్త్రీలు చెప్పగా ఆమెకు తెలిసినది: 2015లో ఆ దేశమున ఇంటిపనివారికై 68వ సంఖ్య చట్టము చేసిరనియు, దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొకదినము విశ్రాంతి, ఏటికి ముప్పది దినములు జీతముతోడి సెలవు కలవనియు, పాస్‌పోర్టు యజమాని యుంచుకొనరాదనియు. ఇరువది నెలలు పనిచేసిన పిమ్మట తెలిసిన చట్టమది! జీతమునకై వ్యాజ్యము నడుపవలెనన్న ఎన్ని నెలలుండవలెనో తెలియదు. ఇంటివద్ద చిన్నపిల్లకు జ్వరము. తనకు రావలసినదేమియు లేదన్న కాగితముపై వ్రేలిముద్ర వేసి విమానమెక్కెను. “సంతకం వచ్చక్కా నాకు. ఆ కాయితం మీద మాత్రం చెయ్యబుద్ధి కాలేదు, ఏలిముద్ర ఏసినా,” అనెను.

ఇంతవరకు గోడకానుకొని వేరుసెనగకాయలు వొలుచుచున్న అత్తగారు మెల్లగా లోనికి పోయి, రేకుపెట్టెనుండి పాతకాగితమొకటి తెచ్చి నా యొడిలో వేసెను. ఆమెయు కువైటునకు పోయి వచ్చినదే! 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యములు కువైటును ఆక్రమించిననాడు ఆమె యజమానులు వేసవికి పరదేశమునకు పోయియుండిరి. ఇల్లంతయు ఈమె చేతిలో నున్నది. మూడు వారములు తాళము కాపాడి, బియ్యము కాగానే, తోడి తెలుగువారితో బస్సెక్కి బాగ్దాదు మీదుగా జోర్డాను పొలిమేర చేరెను. ఎడారిలో గుడారములు, నీళ్లకై బారులు, పగలు నిప్పులు, రాత్రి చలి. అమ్మాను నుండి మన విమానములు ఆ రెండు మూడు నెలలలో రమారమి 1,70,000 మంది భారతీయులను దాటించినవి. ఆ లక్షలలో నీమె యొకతె. పోవునప్పుడు ఇంటి తాళపుచెవి ఎవరికిచ్చితివని యడిగితిని. కొంగున ముడివేసికొని వచ్చినదట! బొంబాయిలో దిగిన పిమ్మట చూచుకొన్నదట.

ఆ కాగితము సంగతి యిది. యుద్ధము ముగిసిన పిదప 1991లో ఐక్యరాజ్యసమితివారు నష్టపరిహారమునకై యొక సంఘము నేర్పరచిరి. ఇరాకు అమ్మిన నూనె సొమ్ములో కొంతభాగమును ప్రత్యేకించి, యుద్ధమువలన కువైటును విడిచి పోవలసివచ్చినవారికి, తక్కువలో తక్కువ తలకు 2,500 డాలర్ల చొప్పున నిచ్చిరి. ఆమెకు చాల యేండ్లకు వచ్చినది. ఆ సొమ్ముతోనే మేము కూర్చున్న యింటికి పైకప్పు వేసిరి.

“యుద్ధం చేసినోడు లెక్క గట్టి ఇచ్చినాడు,” అనెను ముసలామె. “నేను తాళం కాపాడిన ఇంటోళ్లు నాలుగు నెలల జీతం ఇయ్యల్యా.”

కోడలు నవ్వెను. “మా అత్తకు సర్కారోళ్లు ఫారమన్నా ఇచ్చినారక్కా. నాకు ఫారమే లేకపాయ.”

నేనిల్లు చేరి, బల్లముందు కూర్చుండి ఈ 420 దీనారముల వ్యాసము వ్రాయుచుండగా, మా యింట అంట్లు తోము నామె వాకిట నిలిచి, “అమ్మగారూ, పదో తారీకైంది,” అనెను. నాకు రావలసిన డబ్బు రెండు పత్రికలవద్ద నిలిచియుండుటచే ఆ నెల ఆమెకీయలేదు. అడుగునేమో యని రెండు దినములుగా ఆమె మొగము చూడక తిరుగుచుంటిని! పొరుగింట బదులు తెచ్చి యిచ్చి, మరల కలము పట్టితిని. ఆ పూట ఒక్కపంక్తి సాగలేదు. ఇంటిపనివారి హక్కులను గూర్చి 2011లో జెనీవాలో 189వ యొడంబడిక జరిగిననాడు మన దేశము అనుకూలముగా వోటువేసినది గాని, దాని నింకను స్థిరపరచలేదని వ్యాసములో కొంత గంభీరముగానే వ్రాసియుంటిని. ఆ వాక్యము తీసివేయుదునా, ఉంచుదునా యని చాలసేపు చూచి, ఉంచితిని.

వ్యాసము 2020 ఫిబ్రవరిలో అచ్చుపడినది. ‘ఎడారిలో కన్నీరు’ అని శీర్షిక. అది నేను పెట్టినది కాదు. ఫోటో లేనందున వ్యాసము సగమునకు కుదించిరి. జీతము లెక్క ఒక్క వాక్యమై మిగిలినది. జెనీవా వాక్యము పోయినది. నాకు డబ్బు ఐదు నెలలకు వచ్చినది, అందు సగము బస్సులకే సరి. ఆ మార్చిలో మహమ్మారి వలన దేశమంతయు తలుపులు మూసికొనుటచే ఆ పల్లెకు వెంటనే పోలేకపోయితిని. 2022లో గాని వీలుపడలేదు.

పత్రిక తీసికొనిపోయి ఆమె చేతికిచ్చితిని. పెద్దకూతురు పైకి చదివెను. నాలుగువందల యిరువది యన్నచోట ఆమె ఆపించి, ఆ యంకెపై వ్రేలుంచి చూచుకొని, “సరిగ్గానే ఏసినావక్కా,” అనెను. తరువాత చెప్పెను: “ముప్పై నిండినాయి. ఈసారి దొంగదారి అక్కర్లేదు, మళ్లీ పోతాండా.”

వలదని చెప్పుటకు నా యొద్ద ఆమె యప్పు తీర్చు ధనము లేదు. ఆమెయు నా సలహా కోరలేదు. ఒక కాగితము కోరెను: ఆ చట్టములోని సంగతులు, గంటలు, సెలవు, పాస్‌పోర్టు, జీతము, వరుసగా వ్రాసి యిమ్మనెను. పెద్ద యక్షరములతో తెలుగులో వ్రాసి యిచ్చితిని. చదువుకొని, సందేహముగా నావంక చూచెను.

“బాగుందిగానీ అక్కా, ఆ ఇంటోళ్లకు తెలుగు రాదు గదా!”

నాకు అరబ్బీ రాదు. ఇరువురమును ఆటో యెక్కి రాయచోటి పోయి, పిల్లలకు అరబ్బీ చదువు చెప్పు ఒక వృద్ధుని కాగితమడిగితిమి. ఆయన రెండుసార్లు తెలుగును చదివించుకొని, ముత్యములవంటి యక్షరములతో వ్రాసి, డబ్బీయబోగా పుచ్చుకొనలేదు. ఆమె ఆ కాగితమును పాస్‌పోర్టుతోబాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, బస్సుస్టాండువరకు వచ్చి, మరల వెనుకకు పరుగెత్తెను. చివర ఇంకొక పంక్తి వ్రాయించుట మరచినదట: ప్రతినెల జీతము నెల నెల చేతికే యీయవలెనని.