గుంట గట్టు దాకా వైఫై

కొత్త వైఫై రౌటర్ డబ్బా మీద అచ్చేసిన అంకె ఏ ఇంట్లోనూ, ఏ ఫోన్లోనూ కనపడదు. ఏసీ1200 అని ఉందంటే, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో వచ్చే 867 ఎంబీపీఎస్‌ను, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో వచ్చే 300ను కూడి, మిగిలింది పైకి సర్దేసినట్టు. ఏఎక్స్1500 అంటే 1201కి 300 కలిపిన లెక్క. మామూలు ఫోను ఒకసారికి ఒక బ్యాండులోనే ఉంటుంది కనుక ఈ కూడిక అమ్మకానికి పనికొస్తుందే గానీ వాడకానికి రాదు. ఒక్క బ్యాండు అంకె కూడా పూర్తిగా దక్కదు. వైఫైలో ఒకే చానల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. పంపిన ప్రతి మూటకూ అందిందన్న కబురు వెనక్కి రావాలి. ఈ ఆగడాలూ అందడాలూ పోను, అంకెలో సగమో అంతకు కాస్త ఎక్కువో అసలు డేటాకు మిగులుతుంది.

అందుకని పరీక్ష వైరు దగ్గర మొదలవ్వాలి. ముందుగా ల్యాప్‌టాప్‌ను ఫైబర్ బాక్సుకు కేబుల్‌తో తగిలించి, లైను ఎంత ఇస్తోందో చూడాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది, ఊరంతా సినిమాల ముందు కూర్చునేది ఆ వేళకే. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగను పల్లెలకు చేర్చింది. నెల్లూరు తీరంలో తుపాను గాలికి స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు నెట్టూ పోతుంది. అలాంటి రోజున రౌటర్‌ని తిట్టి లాభం లేదు.

లైను సరిగా ఉండి కూడా వేగం 94, 95 ఎంబీపీఎస్ దగ్గర కచ్చితంగా ఆగిపోతుంటే సందేహం వైరు మీదికి మళ్లాలి. చవక రౌటర్ల వెనకుండే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. 300 ప్లాను కట్టినా ఆ గడప దాటదు. గిగాబిట్ పోర్టే ఉన్నా ఇదే జరగవచ్చు. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. ఒక జత తెగినా, మొనకు తుప్పు పట్టినా, యంత్రం చప్పుడు చేయకుండా నాలుగు తీగలతో 100కి దిగి సర్దుకుంటుంది. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి కిటికీ ఊచలనే తినేస్తుంది. కేబుల్ కొసన ఉండే సన్నటి రాగి పళ్లు దానికి ఒక లెక్క కాదు. సముద్రం దగ్గరి ఇళ్లలో కొత్త రౌటర్ కొనేముందు కొత్త కేబుల్ వేసి చూడటం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

వైరు తేలాకే గాలి సంగతి. ఇక్కడ స్పీడ్‌టెస్ట్ ఒక్కటే చాలదు. అది ఫోను నుంచి రౌటర్, రౌటర్ నుంచి ఊరి లైను, అక్కడి నుంచి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా మొత్తం దారిని ఒకే అంకెగా చెబుతుంది. ఎక్కడ ఇరుకుందో చెప్పదు. ఒక ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కి వైరుతో కలిపి, అందులో ఐపర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాము నడిపి, ఫోనులో అదే పేరున్న యాప్‌తో కొలిస్తే బయటి ఇంటర్నెట్ ప్రసక్తి లేకుండా గోడల మధ్య దారి ఒక్కటే తేలుతుంది. దాంతో పాటు సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపే యాప్ ఒకటి ఉండాలి. ఫోను పైన కనపడే గీతలు కంపెనీకో రకం. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, మైనస్ 80 దాటితే పేరుకే కనెక్షన్. ప్రతి పది అంకెల తగ్గుదలకూ అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన చోటు 2018లో దొరికింది. ఒకే దూరంలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 2.4తో పోలిస్తే ఇంచుమించు ఐదో వంతు శక్తితో చేరుతుంది, గోడలు దాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. కానీ దాని దారి వెడల్పైనది, రద్దీ తక్కువ. ముత్తుకూరు లాంటి చోట పక్కపక్క ఇళ్లలోని రౌటర్లన్నీ 2.4లో ఒకదానితో ఒకటి తగలని మూడే చానళ్ల కోసం తోసుకుంటుంటాయి. ముందు గదిలో 5, పెరట్లో 2.4 అన్నది మోటు సూత్రమే అయినా చాలా ఇళ్లకు సరిపోతుంది.

ఇంటి కట్టుబడి బట్టి ఫలితం మారిపోతుంది. పెంకుటింట్లో సిగ్నల్ సులువుగా తిరుగుతుంది. మిద్దెలో ఇటుక గోడ కొంత తింటే, ఇనుప చువ్వల స్లాబు అంతకు ఎన్నో రెట్లు తింటుంది. కింది అంతస్తు రౌటర్‌తో పై అంతస్తు నెట్టుకురావడం అందుకే కష్టం. రేకుల షెడ్డు లోపలికి తలుపు సందుల్లోంచి తప్ప రాదు. ఇనప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు కూడా అడ్డే. గది మధ్య ఒక్క చోట కొలిచి ఊరుకోకూడదు. టీవీ ఉన్న మూల, మంచం తలాపి, వంటింటి గట్టు, అంటే నిజంగా ఫోను పట్టుకునే చోట్లలో కొలవాలి. రెండడుగులు పక్కకు జరిగితేనే అంకె మారుతుంది.

దూరం పెరిగేకొద్దీ వేగం ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు జవాబు దగ్గర్లోనే ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలో భాగమైన శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ తన యోగక్షేమాలను వైఫైకి పక్కనే ఉన్న ఎస్ బ్యాండులో, సుమారు 2.2 గిగాహెర్ట్జ్‌లో పంపుతుంది. ఆ కబురు వందల కిలోమీటర్లు దాటి వస్తుంది. ఇంట్లో వైఫై మూడో గోడ దగ్గర చతికిలబడుతుంది. అక్కడ మధ్యలో గోడ లేదు, పట్టుకోవడానికి పెద్ద డిష్షులున్నాయి, పంపే డేటా వేగమూ తక్కువ. నెమ్మదిగా పంపిన మాట రొదలోనూ వినపడుతుంది, గబగబా అన్నది దగ్గరివాళ్లకే అర్థమవుతుంది. రౌటర్ చేసేదీ అదే: సిగ్నల్ బలహీనపడేకొద్దీ మాట నెమ్మదించుకుంటూ, చివరికి వినపడనంత అయ్యాక వదిలేస్తుంది.

తీరంలో అసలు పరీక్ష ఇంటి బయటే. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి కొద్ది గంటల్లోనే పంట మొత్తం తేలిపోవచ్చు. అందుకే గట్టు మీద కెమెరా, కాపలా షెడ్డులో ఫోను. ఈ చోట డౌన్‌లోడ్ అంకె మోసం చేస్తుంది. రౌటర్ గొంతు పెద్దది, ఫోను గొంతు చిన్నది. ఫోను వైఫైలో పంపే శక్తి సాధారణంగా పదో వంతు వాట్ కూడా ఉండదు. గట్టు మీద రౌటర్ మాట ఫోనుకు వినపడుతుంది గానీ ఫోను మాట రౌటర్‌కి అందదు. గీతలు నిండుగా ఉన్నా ఫొటో వెళ్లదు. కెమెరా పనంతా పైకి పంపడమే కనుక దూరాన్ని అప్‌లోడ్‌తోనే కొలవాలి. ఎక్కువ శక్తి గల రౌటర్ తెచ్చినంత మాత్రాన ఈ బాధ తీరదు, అది ఒక వైపు గొంతే పెంచుతుంది. రాత్రుళ్లు అమెరికాలోని పిల్లలతో వీడియోలో మాట్లాడే ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది: ఇటు వాళ్లకు అటు బొమ్మ బాగానే కనిపిస్తుంటుంది, అటు వాళ్లకే ఇటు బొమ్మ గడ్డకట్టిపోతుంది.

గుంట మీదుగా వెళ్లే సిగ్నల్‌కు నీళ్లే ఒక అద్దం. నేరుగా వచ్చిన తరంగమూ, ఉప్పునీటి మీద పడి లేచిన తరంగమూ యాంటెన్నా దగ్గర కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకోవచ్చు. యాంటెన్నాను కాస్త పైకో కిందికో జరిపితే మళ్లీ ప్రాణం వస్తుంది. ఏరియేటర్లు తిరిగి అలలు లేస్తే అంకె ఊగిసలాడుతుంది. దానికి తోడు తరంగానికి సన్నటి గీత చాలదు, చుట్టూ ఖాళీ కావాలి. 300 మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్‌లో సరిగ్గా సగం దారిలో ఆ ఖాళీకి మూడు మీటర్ల వ్యాసార్థం ఉండాలి. అందులో కనీసం అరవై శాతం అడ్డు లేకుండా చూస్తారు. గట్టు మీద కర్ర పాతి కెమెరా కడితే చాలదన్నది దీని అర్థం. రెండు చివర్లా ఎత్తున, ఎదురెదురుగా చూసే డైరెక్షనల్ యాంటెన్నాలు పెడితే మాత్రం ఈ దూరం పెద్ద కష్టం కాదు.

వానకు వైఫై తగ్గుతుందన్న మాటలో సగమే నిజం. ఇంటి దూరాల్లో గాలిలోని చినుకులు 2.4, 5 గిగాహెర్ట్జ్ సిగ్నళ్లను చెప్పుకోదగ్గంత ఆపవు. ఆపేది తడిసిన ఆకులు. వేసవిలో సరుగుడు తోపు పక్కన బాగా పనిచేసిన లింకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు జిల్లాకు వానలిచ్చే కాలంలో నీరసపడుతుంది. ఎండాకాలంలో ఒప్పుకున్న పరీక్షను కార్తీకంలో మరోసారి చేయాలి, ముందు అంకెలు రాసి ఉంచుకుంటేనే పోల్చడానికి వీలు.

గుంట దాకా రాగి కేబుల్ లాగుదామనుకునేవాళ్లకు రెండు ఇబ్బందులు: ఈథర్‌నెట్ కేబుల్‌కు 100 మీటర్లే హద్దు, బయలులో అది పిడుగును ఇంట్లోకి పిలుస్తుంది. ఇనప తీగ కలవని ఫైబర్‌కు ఆ రెండూ లేవు. యాంటెన్నాలకు అనువైన ఎత్తు దొరకని చోట అదే మేలు. కాకపోతే షెడ్డులో ఫైబర్‌ను మళ్లీ ఈథర్‌నెట్‌గా మార్చే చిన్న పెట్టెకూ, కెమెరాకూ ఇన్వర్టర్ లైను ఇవ్వాలి, కరెంటు పోయినప్పుడే కదా వాటితో పని.