ఆ వంకర ఎవరిది?

సింగరాయకొండలో మే నెల మధ్యాహ్నం చల్లదనమంటే కుండలో నీళ్లే. చుట్టుపక్కల మిర్చి రైతుకైతే కోల్డ్ స్టోరేజీ. చలికి అసలు అడుగు ఎక్కడుందంటే... మైనస్ 273 డిగ్రీల దగ్గర!

1971 చివర్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ ఓషెరాఫ్ అనే పరిశోధక విద్యార్థి ఆ అడుగుకు డిగ్రీలో వెయ్యో వంతులు రెండు మూడు దూరంలోకి చేరాడు. హీలియం-3ని పిండుతూ చల్లబరుస్తుంటే పీడనం గ్రాఫులో చిన్న వంకర కనిపించింది. ఇంకొకరైతే యంత్రం లోపమని వదిలేసేవారేమో! అతను వదల్లేదు. అయితే గురువులు డేవిడ్ లీ, రాబర్ట్ రిచర్డ్‌సన్‌లతో కలిసి అచ్చువేసిన పత్రంలో, మార్పు గడ్డకట్టిన హీలియంలో వచ్చిందని రాశారు. అది పొరపాటు.

పాత్రలో ఘనం, ద్రవం కలిసే ఉన్నాయి. మరి ఆ వంకర ఎవరిది? తేల్చింది అయస్కాంత అనునాదం. రేడియో తరంగం కాస్త గట్టిగా తగిలితే చలి చెదిరిపోతుంది. మరీ మెల్లగా తగిలితే జవాబు వినపడదు. అయస్కాంత బలాన్ని ఎత్తును బట్టి మార్చి, ఏ జవాబు ఎక్కణ్నుంచి వస్తోందో విడదీశారు. ఆస్పత్రిలో ఎమ్మారై వాడేదీ ఈ కిటుకే. 1972 ఏప్రిల్ 20 తెల్లవారుజామున తేలింది, మారింది ద్రవమేనని. రాపిడి లేకుండా పారే ద్రవం!

ముగ్గురికీ 1996లో నోబెల్ వచ్చింది. మొదటి పత్రం పేరులో మాత్రం ఆ పొరపాటు ఇప్పటికీ అలాగే ఉంది.