మేరువు నుండి కొలత

ఐతరేయారణ్యకంలో వీణను గురించి ఒక గంభీరమైన ఉపమానం ఉన్నది. మానవశరీరం దేవతలు నిర్మించిన దైవీవీణ అనీ, మనుష్యుడు కట్టెతో చేసుకొన్న వీణ దానికి అనుకృతి మాత్రమే అనీ ఆ ఉపమానం. దేహంలోని ఒక్కొక్క అంగానికీ వాద్యంలో ప్రతిరూపాన్ని చూపుతూ సాగే ఆ ప్రకరణాన్ని ఏళ్ల తరబడి పారాయణ చేసిన ఒక విశ్రాంత గణితోపాధ్యాయునికి, దాని అంతరార్థం అరవై ఎనిమిదవ ఏట బోధపడింది. అది కూడా వీణ వలన కాదు, ఒక గిటారు వలన.

విజయనగరంలోని ఆయన ఇంట బొబ్బిలి వీణ ఉన్నది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి శిల్పులు ఒకే పనసమానును తొలిచి మలచినది. ఆయన ధర్మపత్ని బాల్యం నుండి దానిపై సాధన చేసినవారు. మనుమడు మాత్రం గిటారు నేర్చుకొంటున్నాడు. దసరా సెలవులకు వచ్చే ఆ బాలునికి స్వహస్తాలతో చేసిన వాద్యాన్ని సరస్వతీపూజనాడు అందించాలని తాతగారి సంకల్పం. బుర్రభాగాన్ని పరిచయస్థుడైన ఒక వడ్రంగి సిద్ధం చేశాడు. మెడను మాత్రం ఆయన ఎవ్వరికీ అప్పగించలేదు.

మహాగని దూలాన్ని చిత్రికపట్టి, తీగల బిగువుకు మెడ వంగకుండా లోపల ఉక్కుకడ్డీని అమర్చి, పైన జిట్రేగి పలకను అతికించే పని అది. పలక నడుమ, పన్నెండవ మెట్టుకు ముందు, ముత్యపుచిప్పతో అష్టదళపద్మాన్ని పొదగాలని ఆయన నిశ్చయించుకొన్నారు. చిప్పపొడి ఊపిరితిత్తులకు హానికరం గనుక ముక్కుకు గుడ్డ కట్టుకొని, సన్నని తీగరంపంతో ఒక్కొక్క దళాన్నీ కోశారు. దళాన్ని పలకపై ఉంచి, సూదిమొనతో దాని రేఖను గీచి, ఆ రేఖ దాటకుండా ఉలితో కట్టెను తొలిచారు. కట్టె పొడి కలిపిన బంకతో సందులు పూడ్చి, ఆకురాయితో సమం చేశారు. పదహారు దినాలు గడిచాయి. జిట్రేగి శ్యామవర్ణంలో ఆ పద్మం చంద్రకాంతిలా మెరిసింది.

పద్మానికి పదహారు దినాలు ఇచ్చిన ఆయన, అంతకు ముందు మెట్ల గాళ్లకు ఒక్క మధ్యాహ్నమే ఇచ్చారు. లెక్క ఆయనకు కరతలామలకం. తీగ నిడివి 648 మిల్లీమీటర్లు. దానిని 17.817తో భాగిస్తే తొలిమెట్టు 36.37 వద్ద వస్తుంది. మిగిలిన నిడివిని మరల అదే సంఖ్యతో భాగిస్తే తరువాతి మెట్టుకు దూరం 34.33, ఆ తరువాత 32.40. లెక్కలో లోపం లేదు. కానీ ప్రతి గాడినీ దాని ముందరి గాడి నుండి కొలిచారు. అదీ గాడి నడిమి నుండి కాక, దాని ఆవలి అంచు నుండి. ఒక్కొక్క చోట చేరిన దోషం 0.3 మిల్లీమీటరు, కంటికి ఆననిది.

మెట్లు దిగగొట్టి తీగలు బిగించిన సాయంకాలం, భార్య పన్నెండవ మెట్టుపై వ్రేలు నొక్కి, తీగను మీటి విన్నారు. మరల మీటి, మెల్లగా అన్నారు: "ఏమండీ, పైషడ్జం కలవడం లేదు."

తీగకు సరిగ్గా నడుమ తారషడ్జం పలుకుతుంది. అహోబలుడు సంగీతపారిజాతంలో వీణకు చెప్పిన నియమం గిటారుకూ వర్తిస్తుంది. ఆ మెట్టు 324 మిల్లీమీటర్ల వద్ద ఉండాలి. మూడు మిల్లీమీటర్లకు పైగా జరిగి ఉన్నది.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. బాలుడు వాయించేది తొలి మూడు మెట్ల మీదనే గదా! అక్కడ దోషం స్వల్పం, పద్మాన్ని చూచినవారు మెచ్చుకొంటారు, పూజ నాలుగు దినాలలో ఉన్నది. మనస్సు ఈ విధంగా న్యాయవాదిలా వాదించింది. అయితే ఆ వాదాన్ని వింటున్న సాక్షి ఒకడు లోపలనే ఉన్నాడు. అతని ముందు మరొక ప్రశ్న నిలిచింది: ప్రతి కొలతా నిజాయితీగా చేసినదే అయినప్పుడు, మొత్తం ఎందుకు అసత్యమైంది?

సమాధానం మూలనున్న వీణలో దొరికింది. వీణదండిపై మైనంలో నిలిపే ఇరువదినాలుగు మెట్లలో ఏ ఒక్కదానినీ పొరుగు మెట్టును చూచి నిలపరు. ప్రతిసారీ ఆధారశ్రుతిని మీటి, దానితో కలిసిన చోటనే నిలుపుతారు. గిటారులోనూ ధర్మం అదే. తీగ పలకపైకి దిగే తొలి అంచును గిటారువారు నట్ అంటారు, వీణ శాస్త్రకారులు మేరువు అన్నారు. ప్రతి గాడినీ మేరువు నుండే కొలవాలి. అప్పుడు ఒకచోట పొరపాటు జరిగినా అది అక్కడనే ఆగుతుంది, తరువాతి మెట్టుకు సంక్రమించదు.

సాధకుడు తన్ను తాను కొలుచుకొనే తీరు ఎట్టిది? నిన్నటి కోపం కంటే నేటి కోపం ఒకింత తక్కువ అనీ, పొరుగువాని లోభం కంటే తన లోభం నయమనీ తృప్తిపడతాడు. నిన్న చెప్పిన చిన్న అసత్యం నేటి అసత్యానికి ప్రమాణమవుతుంది. ఏ దినానికి ఆ దినం భేదం వెంట్రుకవాసి మాత్రమే. పన్నెండేళ్లకు షడ్జం కలవదు. అనుష్ఠానమనే పద్మం ఎంత మెరిసినా ఆ అపశ్రుతిని కప్పలేదు. ఏ దినానికి ఆ దినం మూలం వద్దకు వెళ్లి కొలుచుకోవడమే నిత్యసంధ్య యొక్క ప్రయోజనం కాదా?

తెల్లవారగానే ఆయన తీగలు విప్పి, మెట్లు పెరికి, తడిగుడ్డపై ఇస్త్రీపెట్టె ఆనించి, బంక కరిగించి పలకను ఊడదీశారు. పద్మాన్ని కాపాడాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఎనిమిది దళాలలో ఆరు విరిగాయి. ఆయన కన్నులు చెమర్చాయి, దానిని దాచుకోలేదు.

సరస్వతీపూజనాడు వీణ ప్రక్కన పలక లేని గిటారు మెడ ఉన్నది. మనుమడు అడిగాడు: "తాతయ్యా, ఇది పూర్తి కాలేదు కదా, పూజలో పెట్టవచ్చా?"

"పూర్తి కానిదానినే అమ్మవారి ముందు పెట్టాలి నాయనా" అన్నారు ఆయన.

ఆ సెలవులలోనే తాతా మనుమడూ క్రొత్త పలకపై గాళ్లు కోశారు. ఇనుప కొలబద్దను మేరువు వద్ద బిగించి, చివరి గాడి వరకు కదల్చలేదు. విరిగిన దళాల నుండి చిన్న చుక్కలు కోసి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది స్థానాలలో ఒక్కొక్కటి, పన్నెండవ స్థానంలో రెండు పొదిగారు. పద్మం లేదు. భార్య వచ్చి తారషడ్జాన్ని మీటి, ఏమీ అనక, వీణను ఒడిలోకి తీసుకొని దాని శ్రుతిని గిటారుకు కలిపారు.

స్వస్తి.